ఆటలో మన గూడెం ఖరీదు 25 బంగారు నాణేలా?



పోస్టు పెద్దదే. తిట్టాలనుకున్నవాళ్ళు కూడా చివరిదాకా చదివి తిట్టండి.

పోయిన వారం మన గ్రూపులో రెండు పోస్టులు వచ్చాయి. మొదటిది ఒక అన్న పెట్టింది. ఆశ్రమ పాఠశాల కంప్యూటర్ల నిండా ఎవరో ఆటలు వేసిపోయారని, మన పిల్లలు హాస్టలుకు పోయింది ఆఫీసర్లు కావడానికే గానీ బొమ్మ కార్లు తోలడానికి కాదని, వాటన్నిటినీ తీసేయించాలని రాశాడు. రెండోది ఒక చెల్లె పెట్టింది. అవే కంప్యూటర్లలో ఉన్న ఒక ఆట ఫొటో పెట్టి, ఇందులో ఆదివాసీ ఊరిని నాశనం చేస్తే ధనం వస్తుంది, ఇది మన పిల్లలకు చూపించినోళ్ళకు సిగ్గుండాలి అని రాసింది.

ఆ 'ఎవరో' మేమే. అన్నతో మాకు పూర్తిగా పేచీ ఉంది. చెల్లెతో సగమే.

ముందు జరిగింది చెప్తాం. మేం నలుగురం, డిగ్రీ చదివేటోళ్ళం. మేం చిన్నప్పుడు చదివిన బడికే ఎండాకాలం సెలవులకు ముందు వెళ్ళాం. మేం చదివినప్పుడు కంప్యూటర్ గదికి తాళం ఉండేది. ఇప్పుడూ ఉంది. తాళంచెవి పెద్దసారు బీరువాలో, బీరువా చెవి సారు జేబులో. లోపల పదకొండు కంప్యూటర్లు, మీద దుప్పట్లు కప్పి, శవాల్లాగా. ఆరు లేచాయి. రెండు జీబీ ర్యామ్. విండోస్ తెరుచుకునేలోపు అన్నం గంట కొడుతున్నారు. ఆన్ అయినదాంట్లో వైరస్, వైరస్ మీద ఎప్పుడో గడువు ముగిసిన యాంటీవైరస్. పిల్లలకు వారానికి ఒక కంప్యూటర్ క్లాసు ఉంది, టైంటేబుల్‌లో. ఆ గంటలో మానిటర్ బొమ్మ గీసి భాగాలు రాస్తారు. మౌస్ బొమ్మ గీసి మంచి మార్కులు తెచ్చుకున్న ఏడో తరగతి పిల్ల ఆ రోజు మౌసు చేతిలోకి తీసుకుని, దాన్ని గాల్లోకి ఎత్తి తెర వైపు చూపించింది. టీవీ రిమోట్ అనుకుంది. నవ్వకండి. ఎనిమిదేళ్ళ కింద మాలో ఒకడు చేసిన పనీ అదే.

ఆ ఆరింటిలో లైనక్స్ వేశాం. ఉట్నూరులో నెట్ ఉన్నచోట దించుకుని పెన్‌డ్రైవ్‌లో మోసుకుపోయాం. దానితోపాటు ఆటలు. టక్స్ పెయింట్, జీకాంప్రి, సూపర్ టక్స్, సూపర్ టక్స్ కార్ట్, వెస్‌నాత్, ఫ్రీసివ్, ఇంకా కొన్ని. పైసా ఖర్చు లేదు, క్రాక్ అవసరం లేదు, దొంగ కాపీ అసలే కాదు. ఒక పెన్‌డ్రైవ్ నుంచి వంద మెషిన్లకు ఎక్కించుకోవచ్చని ఆ ఆటల లైసెన్సులోనే రాసి ఉంటుంది. అన్నీ బాగా నడిచాయని చెప్పం. కార్ల ఆట రెండింట్లో నత్తలాగా నడిచింది. జీరో ఏ.డీ. అనే పెద్ద ఆట అయితే ఒక్కదాంట్లో తెరుచుకుని, తెరుచుకున్నచోటే నిలబడింది. మిగతావి పరుగెత్తాయి. మూడు రోజుల్లో ఆ పిల్లకు మౌసు చెప్పినమాట విన్నది.

ఇప్పుడు అన్న మాటకు వద్దాం. ఆట వేరు, చదువు వేరు అంటావు. అన్నా, నువ్వు పరీక్షలకు చదివే యూనిక్స్ ఎట్లా పుట్టిందో తెలుసా? 1969లో అమెరికా బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ అనేటాయన స్పేస్ ట్రావెల్ అని ఒక ఆట రాసుకున్నాడు. గ్రహాల మధ్య ఓడ నడిపే ఆట. దాన్ని పెద్ద కంప్యూటర్ మీద ఒక్కసారి ఆడితే దాదాపు 75 డాలర్ల మెషిన్ ఖర్చు అయ్యేది. అందుకని ఎవరూ పెద్దగా వాడని పీడీపీ-7 అనే చిన్న మెషిన్ వెతుక్కుని, ఆటను దాని మీదికి మార్చాడు. ఆ మెషిన్ మీద పని చేస్తూ చేస్తూ రాసిందే తర్వాత యూనిక్స్ అయింది. ఎవరూ పట్టించుకోని పాత మెషిన్, ఆట ఆడాలనే కోరిక. మన బళ్ళో మొదటిది ఉంది. రెండోదానికే తాళం వేశారు.

ఇంకా చెప్పాలంటే, ఈ ఆటలు రాసినోళ్ళలో మనలాంటి స్టూడెంట్లే ఎక్కువ. 1980లో రోగ్ అనే ఆట మొదలుపెట్టింది కాలిఫోర్నియాలో చదువుకునే కుర్రాళ్ళు. బొమ్మలే లేవు దాంట్లో. అక్షరాలతోనే గుహ, అక్షరాలతోనే రాక్షసులు. దాని వంశంలో పుట్టిన నెట్‌హాక్ 1987 నుంచి ఇప్పటికీ బతికే ఉంది, కొన్ని ఎంబీలే, ఎంత ముసలి కంప్యూటర్‌లో అయినా నడుస్తుంది. ఫ్రీసివ్‌ను డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు విద్యార్థులు రాసి 1996లో బయటపెట్టారు. లైనక్స్ మొదలుపెట్టినప్పుడు లినస్ టోర్వాల్డ్స్ వయసు 21. వీళ్ళెవరికీ ముందు ఆఫీసర్ అవ్వు, తర్వాత ఆడుకో అని ఎవరూ చెప్పలేదు.

ఇంకో మాట. బళ్ళో ఆటలు తీసేస్తే పిల్లలు ఆటలు మానేస్తారా? సెలవులకు ఇంటికొచ్చి అన్న ఫోన్ తీసుకుంటారు. ఆ ఫోన్లో ఏముంది? 'ఉచితం' అని రాసి ఉన్న ఆట. దించుకోవడం ఉచితమే. పది నిమిషాలకొక ప్రకటన, ఇరవై నిమిషాలకొక దుకాణం, తుపాకీకి రంగు కావాలంటే డబ్బులు. దాని పక్కనే ప్రకటనలో రమ్మీ, బెట్టింగ్. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. అప్పటికే మన ఊళ్ళల్లో పత్తి డబ్బులు అందులో పోసినోళ్ళు ఎంతమందో ఎవరి గూడెంలో వాళ్ళకు తెలుసు. మేం పేర్లు చెప్పం, ఇంట్లోవాళ్ళు ఈ గ్రూపులోనే ఉన్నారు. వాటి మీద ఒక్క పోస్టు పెట్టని మనం, బొమ్మ గీసే టక్స్ పెయింట్ మీద పోస్టు పెట్టాం!

సరే, ఫోన్లో ఆట మంచిదే అనుకుందాం. అది ఎవరిది? 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించినప్పుడు ఏమైందో గుర్తుందా? ఏళ్ళ తరబడి ఆడినోళ్ళు ఒక్క ఉత్తర్వుతో ఖాళీ చేతులతో మిగిలారు. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఆట మన ఫోన్లో ఉన్నా, దాని ప్రాణం ఎక్కడో సర్వర్‌లో ఉంది. వాళ్ళు ఆపితే ఆగుతుంది. మన చేతిలో ఉన్నది పట్టా లేని పోడు లాంటిది. దున్నుకోవచ్చు, రేపు ఎవరో వచ్చి కందకం తవ్వేదాకా.

ఇంగ్లీషులో ఫ్రీ అనే ఒక్క మాటకే రెండు అర్థాలు ఇరికించి, దేన్ని అంటున్నామో చెప్పడానికి అక్కడి ఉద్యమకారులు నలభై ఏళ్ళుగా తంటాలు పడుతున్నారు. మనకు ఆ బాధ లేదు. ఉచితం వేరే మాట, స్వేచ్ఛ వేరే మాట. తెలుగునాట ఈ ఉద్యమం చేసేవాళ్ళు తమ సంస్థకు స్వేచ్ఛ అనే పేరు పెట్టుకున్నారు. స్వేచ్ఛ ఉన్న ఆటంటే నాలుగు హక్కులు: ఎందుకైనా వాడుకోవచ్చు, లోపల ఎట్లా పనిచేస్తుందో విప్పి చూడొచ్చు, కాపీ చేసి పంచొచ్చు, మార్చి ఆ మార్చినదాన్ని కూడా పంచొచ్చు. మొదటిదీ మూడోదీ ఎవరికైనా తొందరగా అర్థమవుతాయి, డబ్బు మిగులుతుంది కాబట్టి. మా కొట్లాట రెండోదాని కోసం, నాలుగోదాని కోసం. ఎందుకో చెల్లె పెట్టిన ఫొటోతోనే చెప్తాం.

ఆ ఆట పేరు ఫ్రీకోల్. తప్పు ముందు ఒప్పుకుంటాం. మేం దాన్ని ఆడి చూసి వేయలేదు. ఆటల జాబితాలో పేరుకు ముందు ఫ్రీ అని ఉంది, టిక్కు కొట్టేశాం. ఆ ఫ్రీ పక్కన ఉన్నది కాలనీ అని ఆలోచించలేదు. చెల్లె పోస్టు చూశాక నలుగురం కూర్చుని రెండు రాత్రులు ఆడాం.

కథ 1492లో మొదలవుతుంది. ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్, డచ్ వాళ్ళలో ఎవరో ఒకరిగా ఓడ దిగుతావు. ఇంకా, అజ్‌టెక్, అపాచీ, చెరోకీ, టూపీ ఊళ్ళు అప్పటికే అక్కడ ఉంటాయి. వాళ్ళ తరఫున ఆడటానికి మామూలుగా వీలు లేదు. నీకు నచ్చిన నేల వాళ్ళదైతే ఆట అడుగుతుంది: డబ్బు ఇస్తావా, ఊరికే తీసుకుంటావా, వదిలేస్తావా? 1/70 లేని ఏజెన్సీ అన్నమాట. నీ మనిషిని వాళ్ళ ఊరికి పంపితే వాళ్ళు పొగాకో పత్తో పండించే నేర్పు నేర్పిస్తారు. నేర్చుకున్నాక ఆ ఊరినే నాశనం చేస్తే నిధి దొరుకుతుంది, దాన్ని బండికెక్కించి తీసుకుపోవచ్చు. స్పానిష్ వాళ్ళుగా ఆడితే స్థానికుల మీద దాడికి అదనపు బలం. కోర్తెస్‌ను నీ సభలో చేర్చుకుంటే దోపిడీ ఇంకా పెరుగుతుంది. చివరికి గెలుపు ఏమిటంటే యూరప్ రాజు నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకుని అతని సైన్యాన్ని ఓడించడం. ఎవరి నేల మీద నిలబడి ఎవరి నుంచి స్వాతంత్ర్యం? ఆ ప్రశ్న ఆటలో ఎక్కడా రాదు.

రెండో రాత్రి మాలో ఒకడు లేచి బయటికి పోయాడు. వాళ్ళ తాత ఊరు ప్రాజెక్టులో మునిగింది. మేం పిలవలేదు.

ఫ్రీకోల్ ఒక్కటే అనుకోకండి. ఫ్రీసివ్ ఇంకా మర్యాదగా ఉంటుంది, అందుకే ఇంకా కనబడదు. మ్యాప్‌లో అక్కడక్కడా గుడిసెలుంటాయి. పేరు లేదు, భాష లేదు. నీ సిపాయి దాంట్లో అడుగు పెడితే 25 బంగారు నాణేలు దొరకొచ్చు, కొత్త విద్య దొరకొచ్చు, లేదా లోపలి నుంచి 'అనాగరికులు' మీద పడొచ్చు. ఏది జరిగినా గుడిసె మాయం. అడవి అంటే కొట్టి మైదానం చేసుకునే చోటు. ఇక జీరో ఏ.డీ.లో మౌర్యులున్నారు, వాళ్ళ ఏనుగులున్నాయి, రోమన్లతో సమానంగా. మనోళ్ళు చూసి భారతదేశం ఉంది అని సంబరపడ్డారు. ఆ ఏనుగులు ఏ అడవివి? వాటిని పట్టిందెవరు? అశోకుడి 13వ శిలాశాసనంలో కళింగ యుద్ధం మీద పశ్చాత్తాపం ఉందని బళ్ళో చదివాం. అదే శాసనంలో అడవి జనానికి హెచ్చరిక కూడా ఉందని బళ్ళో ఎవరూ చెప్పలేదు. బుద్ధిగా ఉండండి, పశ్చాత్తాపపడ్డా నా దగ్గర బలముంది అని. ఆ శాసనాలు కర్నూలు జిల్లా ఎర్రగుడి రాళ్ళ మీదా ఉన్నాయి. మౌర్యులకు ఆటలో చోటు దొరికింది, హెచ్చరిక అందుకున్నవాళ్ళకు దొరకలేదు.

అంటే చెల్లె చెప్పిందే నిజం కదా, తీసేయండి అంటారు. పేచీ ఇక్కడే.

ఈ చూపు స్వేచ్ఛ ఆటల్లో పుట్టింది కాదు. ఫ్రీకోల్, ఫ్రీసివ్ రెండూ అంతకుముందు అమ్ముడుపోయిన కంపెనీ ఆటలను చూసి రాసినవి. కోడ్ విడుదల చేశారు, చూపు మాత్రం పాతదే ఉంచేశారు. అది వాళ్ళ తప్పు, గట్టిగానే అడగాలి. కానీ కంపెనీ ఆటలో ఇదే ఉంటే మనమేం చేయగలం? ఫొటో తీసి, పోస్టు పెట్టి, కోపం తెచ్చుకుని పడుకుంటాం. ఇక్కడ అట్లా కాదు. ఫ్రీకోల్ నియమాలన్నీ ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో అక్షరాల్లో రాసి ఉన్నాయి. నోట్‌ప్యాడ్ లాంటిదాంట్లో తెరిచి చదవొచ్చు. స్పానిష్ వాళ్ళకు ఎంత అదనపు బలం ఇచ్చారో అక్కడ అంకెతో సహా ఉంటుంది. దౌర్జన్యానికి శాతం కట్టి రాసిన కాగితం మన చేతికి దొరకడం ఎంత పెద్ద సంగతో, ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరిగినోళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ అంకె మార్చాలంటే ఎవరి సంతకమూ అక్కర్లేదు.

మేం ఫ్రీసివ్‌తో మొదలుపెట్టాం, అది తేలిక కాబట్టి. సర్వర్‌లో గుడిసెలెన్ని ఉండాలో ఒక సెట్టింగ్ ఉంది. సున్నా చేశాం. గుడిసెలు పోయాయి. తొమ్మిదో తరగతి పిల్లలకు చూపించి ఇప్పుడు బాగుందా అని గర్వంగా అడిగాం. ఒక పిల్లగాడు, "సార్, ఇప్పుడు మనం అసలే లేం కదా" అన్నాడు.

మా నలుగురికీ ఆ రోజంతా మాట లేదు. తీసేయడం అంటే అదే మరి. అన్న ఆటలు తీసేయమన్నాడు, చెల్లె ఆ ఒక్క ఆట తీసేయమంది, మేం గుడిసెలు తీసేశాం. ముగ్గురం చేసింది ఒకటే పని. పిల్లగాడు అడిగిన పని వేరే ఉంది: మ్యాప్ మీద మనకు పేరు ఉండాలి, మన వంతు వచ్చినప్పుడు మనం ఆడాలి. ఫ్రీసివ్‌లో కొత్త జాతిని చేర్చాలంటే మామూలు అక్షరాల ఫైలు చాలు: పేరు, ఊళ్ళ పేర్లు, జెండా. అడవి కొట్టకుండానే అడవి నుంచి పంట రావాలంటే అదీ అక్షరాల ఫైల్లోనే. ఫ్రీకోల్‌లో స్థానికుల వైపు నుంచి ఆడాలంటే మాత్రం జావా రావాలి, ఆట మెదడునే విప్పాలి. మాకు ఇంకా అంత రాదు. ఈ గ్రూపులో బీటెక్ వాళ్ళు డెబ్బై మందికి తక్కువ ఉండరు. హైదరాబాదులో, బెంగళూరులో జావా మీదే జీతాలు తీసుకుంటున్న అన్నలున్నారు. జోడేఘాట్ వర్ధంతికి ప్రొఫైల్ ఫొటో మార్చే అన్నలారా, ఒక్క ఆదివారం ఇస్తారా?

అప్పటిదాకా ఫ్రీకోల్‌ను చిన్నపిల్లల మెషిన్ల నుంచి తీశాం. చెల్లె మాటలో ఆ సగం మాకు ఒప్పుకోలే. పెద్దపిల్లల ఒక్క మెషిన్లో ఉంచాం, చరిత్ర సారు కూర్చుంటేనే తెరవాలనే షరతుతో. సారు ఒప్పుకున్నాడు. ఒక్కసారి కూర్చున్నాడు కూడా.

ఇక మావాళ్ళలోనే కొందరి మాట: తెలుగే సరిగ్గా లేదు కంప్యూటర్లో, గోండికి ఎవడు చేస్తాడు? దీనికి జవాబు టక్స్ పెయింట్‌లో ఉంది. ఆ బొమ్మల ప్రోగ్రామ్ భాషల జాబితా తెరిచి చూడండి. తెలుగు ఉంది. కిందికి పోతే సంతాలీ ఉంది, అదీ ఓల్ చికి లిపిలో. రఘునాథ్ ముర్ము 1925లో చేసిన లిపి. జార్ఖండ్‌లోనో ఒడిశాలోనో ఒక సంతాల్ పిల్ల బ్రష్ మీద నొక్కితే బ్రష్ అనే మాట తన లిపిలో వస్తుంది. ఏ కంపెనీ లాభం చూసుకుని చేసింది? కోడ్ తెరిచి ఉంది, భాష వచ్చినోళ్ళు కూర్చుని రాశారు. సంతాలీ, బోడో ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్నాయి, గోండి లేదు, అదీ నిజమే. కానీ టక్స్ పెయింట్‌లో చేరడానికి పార్లమెంటు బిల్లు అడగరు.

మన దగ్గర సరుకు లేదా? ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. మసరాం గోండి లిపి అంతకు ఏడాది ముందే చేరింది. సవర అన్నదమ్ముల సోరా సోంపెంగ్ లిపి 2012లోనే. కంప్యూటర్‌కు మన అక్షరం తెలుసు. మన బడి కంప్యూటర్‌కే తెలియదు, ఎందుకంటే దాని మీద దుప్పటి ఉంది.

కేరళను చూడండి. అక్కడి సర్కారు బళ్ళు ఏళ్ళ కిందటే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారాయి. చిన్నపిల్లల కంప్యూటర్ పాఠ్యపుస్తకానికి పెట్టిన పేరు కళిప్పెట్టి, అంటే ఆటపెట్టె. సర్కారే ఆటపెట్టె అని పేరు పెట్టింది, మనం ఆట అనే మాటకే ఉలిక్కిపడుతున్నాం.

కాబట్టి మేం అడిగేవి సూటిగా: ఐటీడీఏ వాళ్ళు కొత్త కంప్యూటర్లు ఎప్పుడిస్తారో ఇవ్వనీ, ముందు ఉన్నవాటి తాళం సాయంత్రం ఆటల గంటలో తీయాలి. తాళంచెవి తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర ఉండాలి. పాడైతే? పాడవుతాయి. వాడకుండా ఐదు పాడయ్యాయి కదా, దానికి ఎవర్ని అడిగారు? మళ్ళీ లైనక్స్ వేయడానికి అరగంట. ఎట్లా వేయాలో ఇద్దరు ఆడపిల్లలకు నేర్పించే వచ్చాం, మా కంటే వాళ్ళే తొందరగా వేస్తున్నారు.

ప్రస్తుతం మేం చేస్తున్నది చిన్న పనే. టక్స్ పెయింట్‌లో ముద్రలుంటాయి, నొక్కితే బొమ్మ పడి, దాని పేరు గొంతుతో పలుకుతుంది. ఒక బొమ్మ ఫైలు, ఒక అక్షరాల ఫైలు, ఒక శబ్దం ఫైలు, మూడింటికీ ఒకే పేరు పెట్టి ఆ ఫోల్డర్లో వేస్తే చాలు. ఇంగ్లీషు జిరాఫీ పక్కన మన ఇప్పపువ్వు, మన డప్పు, మన ఏరు. పిల్లలే బొమ్మలు గీశారు. గొంతు వాళ్ళ అమ్మలది, అవ్వలది, ఫోన్లో రికార్డు చేసుకొచ్చారు. నీళ్ళకు 'ఏర్' అని చెప్పిన అవ్వ వెనకాల కోడి కూసింది. మళ్ళీ రికార్డు చేద్దామంటే పిల్లలు ఒప్పుకోలేదు, కోడి ఉండాల్సిందేనట. ఇప్పుడు నీళ్ళ బొమ్మ నొక్కితే ఏర్ అనీ, కొక్కొరోకో అనీ వస్తుంది.

ఇప్పటికి ముప్పై ఎనిమిది అయ్యాయి. అన్నీ ఉట్నూరు వైపు మాటలే. తిర్యాణి, సిర్పూర్ వైపు వాళ్ళు ఇవి మా మాటలు కావని ఇప్పటికే తగువు మొదలుపెట్టారు. కోయ, కొలామి, కువి, సవర ఒక్కటీ లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళతో చెట్లవీ పిట్టలవీ పేర్లు పలికించి, ఒక్కో పేరుకు ఒక్కో రికార్డింగ్ పంపండి. ఏ ఊరో, ఏ భాషో రాయండి. వెనక కోడి కూసినా పర్లేదు.